ఉప్పు తక్కువైతే ఒక దెబ్బ

భూపాలపల్లి,
జనవరి 20.

విమలా,

నీ బస్సు పార్సిల్ అందింది. డబ్బా మీద నా పేరు కన్నా నీ పేరే పెద్దగా రాశావు. కౌంటర్‌లో ఉన్నతను నన్నే విమల అనుకుని సంతకం పెట్టించుకున్నాడు. ఉసిరికాయ తొక్కు అద్భుతంగా ఉంది. రోజూ మొదటి ముద్ద దానితోనే తింటున్నాను. నాతో పనిచేసే లచ్చి యాడికి కూడా పెట్టాను. "మంచిగుంది బిడ్డా, మస్తుగుంది" అన్నది. యాడి అంటే మా మాటలో అమ్మ అని నీకు గుర్తుండే ఉంటుంది. నన్ను కన్నది కాకపోయినా ఇక్కడ నాకున్న అమ్మ ఆమే.

పుస్తకాల తెలుగులో రాస్తున్నానని నవ్వకు. ఇంట్లో మాట్లాడే మా లంబాడీ మాటను రాయడం నాకెవరూ నేర్పలేదు. బడిలో సారు నేర్పిన తెలుగే చేతికి వస్తుంది. ఫోన్ చెయ్యొచ్చు కదే అంటావు. ఆడవాళ్లందరం కలిసి ఉండే ఈ గదిలో ఎవరు ఫోన్ పట్టుకున్నా మిగతావాళ్ల చెవులు ఇటే ఉంటాయి. "తిన్నవా? తిన్న. పండుకున్నవా? పండుకుంట." ఇంతకు మించి ఏం మాట్లాడతాం చెప్పు.

ఒక ముచ్చట ఉంది. చెల్పూర్ రోడ్డు మీద ఉన్న మా మెస్సు సంగతి నీకు తెలుసు కదా. కరెంటు ప్లాంటు బూడిద ఎత్తే లోడింగ్ పనివాళ్లు, లారీ డ్రైవర్లు తినిపోయే మెస్సు. మునుపటి వంటాయన మానేసినప్పటి నుంచి పొద్దటి పూట వంట నేనూ లచ్చి యాడీ కలిసి చేస్తున్నాం. రిజిస్టర్‌లో మాత్రం అందరం హెల్పర్లమే, జీతం కూడా హెల్పర్ జీతమే. ఇప్పుడు జీతాల రూలు మారిందట. ఎవరు ఏ పని చేస్తే ఆ పేరే పెట్టాలట. ఒక సారు వచ్చి ఒక్కొక్కరినీ విడివిడిగా చూసి, వంట వచ్చినవాళ్లకు వంటమనిషి అని రాస్తాడట. మా ఇన్‌ఛార్జి స్వరూప మేడం మొన్న నిలబెట్టి చెప్పింది.

నాకు ఆ పేరు కావాలి విమలా. వంటమనిషి జీతం వస్తే చిన్న గది అద్దెకు తీసుకోగలను. ఈ ఆడవాళ్ల గదిలో పిల్లల్ని ఉండనివ్వరు. గది ఉంటే మేఘనను తెచ్చుకుంటాను. దానికి ఎనిమిదేండ్లు నిండాయి. తండాలో మా అత్త రుక్కి దగ్గర పెరుగుతున్నది, నన్ను చూసి ఆమె వెనక్కి దాక్కుంటున్నది. జూన్‌లో బడి తెరిచేలోపు అది నా దగ్గర ఉండాలి. ఇంతకన్నా నాకేం వద్దు.

నీ ఆఫీసులో ఈ జీతాల లెక్కలే చేస్తారు కదా. అసలు రూలు ఏమిటో రాయి.

నీ
కవిత

జనగామ,
ఫిబ్రవరి 2.

కవితా,

రూలు సంగతి తర్వాత. ముందు తొక్కు సంగతి.

నీకు పంపిన రోజున నాకోసం ఒక చిన్న సీసా దాచుకున్నాను. నిన్న మూత తీసి ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాను. పరుగెత్తుకుపోయి ఉమ్మేశాను. ఉప్పు రెండుసార్లు వేశాను కవితా! కలుపుతుంటే రాజీవ్ అన్న ఫోన్ చేశాడు. "ఆ చిన్న నౌకరి ఇడిసిపెట్టి ఇంటికి రా, మన ఇంటి పిల్ల గట్ల అద్దె అర్రల ఉంటే నలుగురు ఏమనుకుంటరు" అని ఎప్పటి పాటే. ఫోన్ పెట్టేసి ఆ కోపంలో మళ్లీ ఉప్పు పోసినట్టున్నాను. అది మనుషులు తినే తొక్కు కాదు.

అది అద్భుతంగా ఉందా? రోజూ మొదటి ముద్ద దానితోనా?

నువ్వు మర్యాదకు అలా రాశావని అర్థమైంది. మనసు చివుక్కుమంది. నా చేతి వంట తినేవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరు. పొయ్యి దగ్గర నిలబడే తినేస్తాను, ఒక్క మనిషికి పీట ఎందుకని. ఆఫీసులో ఎవరి డబ్బా వాళ్లు కంప్యూటర్ ముందు పెట్టుకుని తింటారు. అందుకే నీకు పంపాను. మానుకోట కాలేజీలో నా డబ్బా మూత తీయగానే "ఏందే ఇది, గోడకు ఏసే సున్నమా" అని నలుగురిలో అన్నదానివి. ఆ మనిషి నాకు ఈ మర్యాద మాటలు ఎప్పటి నుంచి రాస్తున్నది?

సరే, రూలు. ఇదివరకటిలా అందరినీ హెల్పర్ అని ఒక్క గంపలో వేయొద్దని మాకు వచ్చిన కాగితాల సారాంశం. మా ఆఫీసు దాన్ని మూడు మెట్లుగా రాసుకుంది. పక్కనవాళ్లు చెబితే చేసేవాళ్లు కింది మెట్టు. కొంత నేర్చినవాళ్లు నడిమి మెట్టు. ఎవరూ చెప్పకుండా తన తెలివితో పని నడిపేవాళ్లు పై మెట్టు. వంటమనిషి పై మెట్టులో వస్తుంది. ఈ మెట్లన్నీ టైపు చేస్తున్న నేను ఇంకా ట్రైనీనే, అది వేరే సంగతి.

నిజం రాస్తేనే జవాబు రాయి.

విమల

భూపాలపల్లి,
ఫిబ్రవరి 12.

విమలా,

జాతరకు బస్సులన్నీ మేడారం పోయాయి, నీ ఉత్తరం ఆలస్యంగా చేతికొచ్చింది. మర్యాదకు రాయలేదే. నిజం చెబుతున్నాను, ఈ ఉత్తరం చదివి చింపెయ్.

నాకు రుచి తెలియదు.

కరోనా వచ్చిన ఏడు మా ఇంట్లో ఇద్దరికీ జ్వరం వచ్చింది. ఆయన దవాఖానలోనే పోయాడు. నేను బతికి వచ్చాను. ఇంటికొచ్చాక మా అత్త పప్పు పెడితే నోట్లో వేడి తెలిసింది, మెత్తదనం తెలిసింది, ఇంకేమీ తెలియలేదు. వాసన కూడా పోయింది. దుఃఖంలో అట్లే ఉంటుందిలే అనుకున్నాను. నెలలు పోయాయి, ఏండ్లు పోయాయి, తిరిగి రాలేదు. కారం తింటే మండుతుంది, అంతే. మేఘన తల నూనె వాసన ఎట్లుంటుందో కూడా మరిచిపోయాను.

మరి వంటెట్ల చేస్తున్నవే అని అడుగుతావు. చెయ్యి మరిచిపోలేదు. ఎన్ని బియ్యానికి ఎన్ని నీళ్లు, ఎంత పప్పుకు ఎంత చింతపండు, చూపుతోనే తెలుస్తుంది. కానీ మెస్సు వంట రోజూ ఒక్కతీరు ఉండదు. ఒకనాటి ఉప్పు దొడ్డు, ఒకనాటిది సన్నం. ఒకనాటి టమాట పులుపు, ఒకనాటిది చప్పన. అక్కడ లచ్చి యాడి నాలుకే నా నాలుక. ఆమె అరచేతిలో చుక్క వేసుకుని నాకుతుంది. ఉప్పు తక్కువైతే గరిటెతో వంట గంజు అంచుకు ఒక దెబ్బ కొడుతుంది. ఎక్కువైతే రెండు దెబ్బలు. సరిపోతే గరిటె బోర్లించి పెడుతుంది. మాటల్లేవు, ఎవరికీ తెలియదు. "నువ్వెందుకు రుచి చూడవే" అని ఎవరన్నా అడిగితే, "మా ఇంట్ల వడ్డించకముందు ఎంగిలి చెయ్యం" అంటాను. ఆ మాటకు అందరూ తలూపుతారు.

ఆమెకు భుజం పోయింది. అన్నం గంజు ఎత్తలేదు, గంజి వార్చలేదు. ఆ పని నాది. ఎత్తుడు నాది, చూసుడు ఆమెది. ఇద్దరం కలిస్తే ఒక వంటమనిషి అవుతాం.

నీ తొక్కు ఆమెకు పెట్టి ఎట్లుందని అడిగాను. మంచిగుందన్నది. ఆ మాటనే నీకు రాశాను. ఇప్పుడు అర్థమైంది. పొయ్యి మీది కూరకు గరిటె కొట్టడం ఆమెకు పని. ఒకరు ప్రేమతో పెట్టిన తిండికి వంక పెట్టడం మాత్రం ఆమెతో కాదు. చెడ్డగుందని చెప్పడం చిన్నప్పటి నుంచి ఆమెకు అలవాటు లేదు.

సారు వచ్చినప్పుడు ఒక్కొక్కరినీ విడిగా చూస్తాడట. అప్పుడు నాకెవరు చెబుతారు?

కవిత

జనగామ,
ఫిబ్రవరి 19.

కవితా,

చింపలేదు. చింపను కూడా.

ఐదేండ్లా! ఐదేండ్ల నుంచి నేను నీకు పొడులూ తొక్కులూ పంపుతుంటే ఒక్క మాటైనా చెప్పలేదేమిటే? నేనేమో మర్యాద మాటలని అలిగి కూచున్నాను. నా అలకకు నిప్పు పెట్టాలి. చదివాక ఆ రాత్రి అన్నంలో ఉప్పు వేసుకోకుండా తిని చూశాను. నాలుగు ముద్దలకే విసుగొచ్చింది. నువ్వు రోజూ ఎట్లా తింటున్నావే?

నా సలహా ఒక్కటే. ఎవరికీ చెప్పకు. రూలు పుస్తకంలో నాలుక అని ఎక్కడా లేదు, నేను వెతికాను. చెయ్యి వచ్చు, కొలత వచ్చు, గంజు ఎత్తగలవు. ఆ సారు మీద మీద చూసి పోతాడు. నీకు పిల్ల కావాలి. ముందు పిల్లను తెచ్చుకో, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

ఇక్కడ ఏమీ లేదు. ఎదురింటి వాళ్లు కూడా ఖాళీ చేసిపోయారు. వాళ్ల కుక్కర్ చప్పుడు వింటే పొద్దెక్కిందని తెలిసేది.

విమల

భూపాలపల్లి,
మార్చి 16.

విమలా,

పరీక్ష అయిపోయింది. నువ్వనుకున్నట్టు మీద మీద చూసిపోలేదు.

హనుమకొండ నుంచి వచ్చాడా సారు. హోటల్ కోర్సు చదివినవాడట, తెల్ల కోటు వేసుకున్నాడు. మంచివాడే, అందరినీ అమ్మా అనే పిలిచాడు. వంటంతా వండించి చూడలేదు. తనే ఒక గిన్నెడు పప్పు వండి తెచ్చాడు. దాన్ని కావాలని చెడగొట్టి తెచ్చాడన్నమాట. ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి, చెంచాడు నోట్లో పెట్టి, ఎట్లుందో చెప్పమన్నాడు. ఏం తక్కువైందో చెప్పి, ఈ గంజుకైతే ఎంత వేస్తావో చూపించాలి.

మొదట లచ్చి యాడిని పిలిచాడు. మేము తలుపు అవతల నిలబడ్డాం, అన్నీ వినిపిస్తున్నాయి. యాడి పప్పు తిన్నది. నాకు తెలుసు, నాలుక మీద పడగానే ఆమెకు అంతా తెలిసిపోయి ఉంటుంది. సారు "ఎట్లుందమ్మా, చెప్పు" అన్నాడు.

"మంచిగుంది సారూ."

"ఏమన్న తక్కువైందా?"

"ఏం తక్కువ గాలే. నీ చెయ్యి సల్లగుండ."

ఇంకా రెండుసార్లు అడిగాడు. రెండుసార్లూ అదే మాట. పాపం ఆయన పక్కన ఉన్న స్వరూప మేడం వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. హెల్పర్ అని రాసుకున్నారు. తలుపు అవతల నాకు ఏడుపొచ్చింది, ఏం చెయ్యను?

బయటికి వస్తూ యాడి నన్ను చూసి మెల్లగా అన్నది: "పిలగాడు అంత దూరం నుంచి వండి పట్టుకొచ్చిండు. మొకం మీద బాగలేదని ఎట్లంటమే?"

తర్వాత నన్ను పిలిచారు. చెంచా నోట్లో పెట్టుకున్నాను. వెచ్చగా ఉంది, మెత్తగా ఉంది. సారు నా మొహమే చూస్తున్నాడు. నోట్లో తిప్పుతూ ఉన్నాను, మింగితే మాట్లాడాలి కదా. అప్పుడు తలుపు అవతల గంజు అంచు మీద ఒక దెబ్బ వినిపించింది. ఒక్కటే.

"ఉప్పు తక్కువైంది సార్" అన్నాను.

ఆయన ముఖం వెలిగింది. ఎంత వేస్తావో చూపించమన్నాడు, పిడికిలి నింపి చూపించాను. వంటమనిషి అని రాశాడు. పై మెట్టు విమలా, పై మెట్టే!

నాలుక ఉన్నామె కింద ఉంది, లేనిదాన్ని పైన ఉన్నాను. సంతోషంగానే ఉన్నాను. మేఘన వస్తుంది కదా. సంతోషంగానే ఉన్నానని నాకు నేను చెప్పుకుంటున్నాను.

కవిత

జనగామ,
మార్చి 24.

కవితా,

ఆఫీసులో నీ ఉత్తరం చదివి గట్టిగా నవ్వాను. అందరూ తలెత్తి చూశారు. "నీ చెయ్యి సల్లగుండ" అట! ఆ ముసలామెను చూడాలనుంది నాకు.

దిగులు పెట్టుకోకు. మా దగ్గరి పద్ధతి ప్రకారం, రాసిన పేరు సరిగ్గా లేదని పనిచేసే మనిషి చెబితే మళ్లీ చూడాలి. లచ్చి యాడిని అడగమను. నువ్వు మాత్రం కదలకు, నీది నీకు వచ్చింది. గది చూడు. మేఘనకు ఏ బడి బాగుంటుందో కనుక్కో. దానికి గౌను కొంటాను, కొలతలు పంపు. ఎంత పొడుగైందో కూడా నాకు తెలియదు.

నేను ఈ మధ్య బాగానే ఉన్నాను.

విమల

మానుకోట,
ఏప్రిల్ 14.

విమలా,

రెండు రోజులు సెలవు పెట్టి తండాకు వచ్చాను. ఇది మానుకోట స్టేషన్‌లో కూచుని రాస్తున్నాను. మనం డోర్నకల్ ప్యాసింజర్ కోసం కూచున్న బల్ల ఇప్పుడు లేదు, కొత్తవి వేశారు.

మేఘనకు ఒక స్టీలు పళ్లెం కొన్నాను. బజారులో పేరు చెక్కి ఇచ్చారు. దానికి చూపిస్తే పేరు మీద వేలు పెట్టి దిద్దింది. "అమ్మా, నువ్వు వంటమనిషివి అయినవట గదా, నాకేం వండుతవ్" అని అడిగింది. ఏది కావాలంటే అది అన్నాను. వేసవి సెలవుల తర్వాత తీసుకుపోతానని మా అత్తకు చెప్పాను. ఆమె మేఘన బట్టలు ఒక్కొక్కటి తీసి మడత పెట్టుకుంటూ కూచున్నది.

నీకు ఒకటి రాయలేదు. వంటమనిషి అని పేరు రాగానే నన్ను సాయంత్రం పూటకు వేశారు. పూటకు ఒక్క వంటమనిషేనట. పొద్దటి పూటకు పరకాల నుంచి ఒకతన్ని తెచ్చారు, లచ్చి యాడి అతని దగ్గర హెల్పర్. ఆమె పోయే యాళ్లకు నేను వస్తాను. గేటు దగ్గర ఎదురుపడితే "తిన్నవా బిడ్డా" అంటుంది, "తిన్న యాడీ" అంటాను. ఆమెను మళ్లీ అడగమని నువ్వు రాసింది చెప్పాను. "నాకెందుకే, ఉన్న నౌకరి ఉంటే సాలు" అన్నది.

నా పూటలో ఆడవాళ్లు కొత్తవాళ్లు. నేను పై మెట్టు కదా, నాతో సరిగ్గా మాట్లాడరు. తినేటప్పుడు వాళ్ల డబ్బాలు వాళ్లు ఒక దిక్కు పెట్టుకుంటారు. కూర ఎట్లుందని అడిగితే "మంచిగుంది మేడం" అంటారు. మేడం అట నన్ను! ఇన్నేండ్లు గిన్నెలు తోమిన దాన్ని నేను, కడగడానికి వచ్చిన పళ్లేలు చూస్తే నాకు అర్థమవుతుంది. పప్పు సగం సగం మిగిలి వస్తున్నది. ఉప్పు ఎక్కువైందో తక్కువైందో ఆ పళ్లెం చెప్పదు.

గంజు మీద గరిటె పొరపాటున తగిలినా తలెత్తి చూస్తున్నాను.

రైలు వస్తున్నది.

కవిత

జనగామ,
ఏప్రిల్ 22.

కవితా,

ఎవరికీ చెప్పకు అని నీకు రాసింది నేనే. ఆ మాట ఇప్పుడు నాకు గుచ్చుకుంటున్నది. కానీ ఇంకో మాట కూడా దొరకడం లేదు. జూన్ దాకా ఓర్చుకోగలవా? ఆ పిల్ల వచ్చి పక్కన ఉంటే ఆమే చెబుతుంది ఉప్పు సంగతి.

ఓర్చుకోలేకపోతే ఏం చేసినా నేను నీ దిక్కే.

విమల

భూపాలపల్లి,
మే 18.

విమలా,

ఓర్చుకోలేదు.

ఇక్కడి ఎండ నీకు తెలుసు. పోయిన వారం మధ్యాహ్నం మిగిలిన సాంబారు పెద్ద గంజులో ఉండింది. ఇంకా మంచిగనే ఉందనుకుని వేడి చేసి వడ్డించడానికి సిద్ధం చేశాను. మూత తీస్తే ఆవిరి వచ్చింది. నాకు ఆవిరే తెలిసింది. లచ్చి యాడి ఆ రోజు ఆలస్యంగా ఇంటికి పోతూ వంటింటి గడప దగ్గర ఆగింది. ముక్కు మూసుకుని లోపలికి వచ్చింది. భుజం నొప్పి ఉన్న మనిషి, ఆ గంజును రెండు చేతులతో వంచి మొత్తం మోరీలో పోసింది. నొప్పికి కేక పెట్టింది కూడా.

బయట అప్పటికే పళ్లేలు పట్టుకుని వరుస కట్టారు. రోజంతా బూడిద మోసి వచ్చినవాళ్లు. అది తింటే వాళ్లకేమయ్యేది? నా పిల్ల నా దగ్గరికి రావాలని వేరేవాళ్ల పిల్లల తండ్రులకు పాచిపోయిన సాంబారు పోస్తానా?

తెల్లారి స్వరూప మేడం దగ్గరికి పోయాను. యాడిని కూడా చెయ్యి పట్టుకుని తీసుకుపోయాను. "మేడం, నాకు రుచి తెల్వది, వాసన తెల్వది. పరీక్ష నాడు ఉప్పు తక్కువైందని చెప్పింది ఈమె" అన్నాను. ఆమెకు ముందు అర్థం కాలేదు. "మరి ఇన్ని దినాలు ఎట్ల నడిపిన్రు మీరు?" అన్నది. గరిటె సంగతి మొత్తం చెప్పాను. మేము ఇద్దరం కలిస్తే ఒక్క వంటమనిషి, అట్లా రాసుకోవడానికి ఏమన్నా ఉందా అని అడిగాను. "అట్ల ఎక్కడ రాస్తరమ్మా? ఒక పేరుకు ఒక మనిషే" అన్నది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

ఆ సారును మళ్లీ పిలిపిస్తానన్నది. అప్పటికి యాడితో బాగలేదు అనిపించడం ఎట్లా? నీ తొక్కు గుర్తొచ్చింది. నీ ఉప్పు పుణ్యమా అని అది చెడిపోలేదు. యాడిని మా ఆడవాళ్ల గదికి తీసుకుపోయి, ముద్దలో కలిపి నోట్లో పెట్టాను.

"ఎట్లుంది యాడీ?"

"మంచిగుంది."

"నిజం చెప్పు. నా మీద ఒట్టు."

"మంచిగనే... ఉప్పు జర ముందుకున్నది."

"జరనా?"

ఇంక ఆగలేకపోయింది. "ఏందే ఇది! తొక్కుల ఉప్పేసిందా, ఉప్పుల తొక్కేసిందా నీ దోస్తు? ఇన్ని దినాలు నా నోరు కాల్సినవ్ గదనే!" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ గదిలో నేను నవ్వడం మిగతావాళ్లు అప్పుడే చూశారనుకుంటాను.

సారు వచ్చాడు. యాడి ఆయన పప్పు తిని, ముందు చేతులు జోడించి, "ఏమనుకోకు బిడ్డా, చింతపండు ఎక్కువైంది, మెంతులు మాడినయ్" అన్నది. ఆయన ఆమె కాళ్లకు దండం పెట్టినంత పని చేశాడు. ఆమె ఇప్పుడు సాయంత్రం పూట వంటమనిషి. నేను ఆమె దగ్గర హెల్పర్. గంజులు ఎత్తుతున్నాను, గంజి వారుస్తున్నాను. గరిటె చప్పుడు నాకు అవసరం లేదు ఇప్పుడు, ఉప్పు వేసేది ఆమే. అయినా కొడుతుంది. అలవాటు కొద్దీ కొడుతుందో, నా కోసం కొడుతుందో అడగలేదు.

కింది మెట్టు జీతం కూడా కొంచెం పెరిగింది. గదికి సరిపోదు.

మేఘనకు ఫోన్ చేసి ఈ ఏడు కాదు బిడ్డా అన్నాను. ఏడుస్తుందనుకున్నాను. "సరే" అన్నది. ఆ ఒక్క మాటే అన్నది. ఫోన్ మా అత్తకు ఇచ్చి ఆడుకోవడానికి పోయింది.

పేరు చెక్కిన పళ్లెం నా దగ్గరే ఉంది. అందులో నేను తింటున్నాను.

కవిత

జనగామ,
మే 27.

కవితా,

నీ ఉత్తరానికి జవాబు రాయడం మొదలుపెట్టి మూడు కాగితాలు పాడు చేశాను.

ఒక కాగితంలో, మేఘనను నా దగ్గరికి పంపు, జనగామలో మంచి బళ్లు ఉన్నాయి, నాకు గది ఉంది అని రాశాను. రాశాక చదువుకున్నాను. ఆ పిల్ల కోసం కాదు, నా కోసం అడుగుతున్నానని తెలిసిపోయింది. ఆమెకు కావాల్సింది అమ్మ. నాకు కావాల్సింది ఇంట్లో ఒక చప్పుడు. ఆ కాగితం చింపేశాను.

నువ్వు చేసింది మంచిదే అని నేను రాస్తే నీకు ఏం ఒరుగుతుంది? మేఘన సరే అన్నదని చదివిన దగ్గర నుంచి నాకు అన్నం సహించడం లేదు. నువ్వే ఎట్లా ఉన్నావో. వచ్చే నెల రెండో ఆదివారం తండాకు పోతావా? పోతే చెప్పు, నేను మానుకోట స్టేషన్‌కు వస్తాను. ఆ కొత్త బల్ల మీద కూచుందాం. పిల్లను చూస్తాను. గౌను కుట్టించాను, కొలత నీ మాట మీద కాదు, ఊహ మీద. సరిపోకపోతే సరిపోలేదని దాన్నే చెప్పమను.

ఈ ఉత్తరంతో బస్సులో ఒక డబ్బా వేస్తున్నాను. మామిడికాయ తొక్కు. రాజీవ్ అన్న ఫోన్ చేశాడు, ఎత్తలేదు. ఉప్పు ఒక్కసారే వేశాను. నేను తిన్నాను, బాగానే ఉందనిపించింది. కానీ ఒక్కదాన్నే తిని ఒక్కదాన్నే బాగుందనుకుంటే ఏం తెలుస్తుంది?

లచ్చి యాడికి పెట్టు. నా మీద ఒట్టు అని అడుగు. ఆమె ఎన్ని దెబ్బలు కొట్టిందో ఉన్నది ఉన్నట్టు నాకు రాయి.

నీ
విమల